మన దేశంలో హ్యామ్ రేడియో తొలి రోజులు: సైన్స్ ఫెయిర్ బల్ల మీద ఏం పెట్టాలి, ఏం పెట్టకూడదు

మాస్టారూ, మీరు అడిగినవి ఇవి. అనంతపురం సైన్స్ ఫెయిర్‌కి ‘మన దేశంలో హ్యామ్ రేడియో తొలి రోజులు’ అని పిల్లల చేత ఒక బల్ల పెట్టించాలి. మొదటి హ్యామ్ (ప్రభుత్వ లైసెన్సుతో, డబ్బు కోసం కాకుండా రేడియోలో ఇతరులతో మాట్లాడే మనిషి) ఎవరు? మన హ్యామ్‌ల కాల్‌సైన్ (స్టేషనుకు ప్రభుత్వం ఇచ్చే గుర్తు పేరు) ముందుండే వీయూ అంటే వైస్రాయ్ యూనియన్ అంటున్నారు, నిజమేనా? 1942లో రహస్యంగా నడిచిన కాంగ్రెస్ రేడియోని ఇందులో చేర్చొచ్చా? గుజిరీ అంగడిలో దొరికిన, ముందు పలక మీద రష్యన్ అక్షరాలున్న మిలిటరీ సెట్టు ఆ కాలందేనా? పిల్లలు చేతులతో చేసి చూపించగలిగింది ఏదైనా ఉందా?

వరసలో కాకుండా ఆ సెట్టుతోనే మొదలుపెడతాను. మిగతావి తప్పు రాస్తే చార్టు మార్చుకోవచ్చు. దాన్ని తప్పుగా ముట్టుకుంటే మనిషికే ముప్పు.

మీరు రాసిన ఆనవాళ్ళను బట్టి (ఇంగ్లీషు, పక్కనే రష్యన్, ‘ఏ సెట్’, ‘బి సెట్’ అని రెండు భాగాలు) అది నంబర్ 19 వైర్‌లెస్ సెట్టు. రష్యాలో చేసింది కాదు. రెండో ప్రపంచ యుద్ధంలో ట్యాంకుల కోసం బ్రిటిష్ సైన్యం రూపొందించింది. కెనడాలో పెద్ద ఎత్తున తయారైంది, సోవియట్ సైన్యానికి కూడా పంపాలి కాబట్టి పలక మీద రెండు భాషలూ అచ్చు వేశారు. ఏ సెట్ 2 నుంచి 8 మెగాహెర్ట్జ్ వరకు, బి సెట్ దగ్గరి ట్యాంకులతో మాట్లాడడానికి 230 మెగాహెర్ట్జ్ ప్రాంతంలో. ట్యాంకు లోపలి సిబ్బంది ఒకరితో ఒకరు మాట్లాడుకునే ఇంటర్‌కామ్ అదనం. అంటే ఇది 1940ల సరుకు. 1921 అని రాసిన చార్టు ముందు దీన్ని పెట్టకూడదు, యుద్ధం తర్వాతి భాగంలో పెట్టండి. అక్కడ దీనికి చోటు న్యాయంగానే ఉంది, ఎందుకో కింద చెప్తాను.

దీన్ని గోడ ప్లగ్గుకు తగిలించే ఆలోచన ఎవరికైనా ఉంటే ఇప్పుడే మాన్పించండి. 12 ఓల్టుల బ్యాటరీతో తిరిగే డైనమోటర్ అనే వేరే పెట్టె దీనికి సుమారు 275, 500 పైచిలుకు ఓల్టుల డీసీ ఇచ్చేది. లోపలి మైనపు కాగితం కండెన్సర్లు ఎనభై ఏళ్ళలో లీకై ఉంటాయి. హైటెన్షన్ తగలగానే ఒకటి షార్టవుతుంది, దాంతో పాటు రెసిస్టరో ట్రాన్స్‌ఫార్మరో కాలిపోతుంది. రబ్బరు తీగల తొడుగు ముట్టుకుంటే పొడిగా రాలుతుంది. పొడి బ్రష్షుతో దుమ్ము దులపండి, నీళ్ళు, కిరసనాయిలు వద్దు. మీటరు ముల్లు మీద పసుపు పచ్చ రంగు పూత ఉంటే గోకొద్దు, అద్దం తీయొద్దు. ఆ కాలపు మిలిటరీ డయళ్ళకు చీకట్లో మెరిసే రేడియం పూత వాడేవారు. ఇంకో సంగతి, అందులో ట్రాన్స్‌మీటర్ కూడా ఉంది. లైసెన్సు లేకుండా ట్రాన్స్‌మీటర్ దగ్గర పెట్టుకోవడమే మన దేశంలో 1934 నుంచి చట్టం పట్టించుకునే విషయం. లైసెన్సు ఉన్న హ్యామ్ ఎవరితోనైనా మాట్లాడి, వాళ్ళ బాధ్యత మీద ప్రదర్శనకు పెట్టడం మంచిది.

ఇక చరిత్ర. పిల్లల చార్టుల్లో నాకు కనిపించే పెద్ద లోపం, రేడియో అన్న ప్రతిదాన్నీ ఒకే తాడుకు గుచ్చడం. జగదీశ్ చంద్ర బోస్, మద్రాసు రేడియో క్లబ్బు, ఆకాశవాణి, కాంగ్రెస్ రేడియో, హ్యామ్‌లు అన్నీ ఒకే వరసలో. ఇవి నాలుగు వేరు దారులు. బోస్‌ది ప్రయోగశాల పని. క్లబ్బులు, ఆకాశవాణిది ప్రసారం, అంటే ఒకరు మాట్లాడితే ఊరంతా వినడం. హ్యామ్‌ది ఇద్దరి మధ్య మాట, అదీ డబ్బు కోసం కాకుండా, ప్రభుత్వం ఇచ్చిన కాల్‌సైన్‌తో. కాంగ్రెస్ రేడియోది రహస్య ప్రసారం. ఈ తేడా ముందు తేలిస్తే మిగతా చార్టు దానంతటదే కుదురుకుంటుంది.

మొదటి లైసెన్సుదారుగా చెప్పుకునేది అమరేంద్ర చంద్ర గూప్తు, 1921, కాల్‌సైన్ 2జేకే. అదే ఏడు ముకుల్ బోస్‌కు 2హెచ్‌క్యూ వచ్చింది. పిల్లలు మొదటి పేరు మాత్రమే రాసి ఊరుకుంటారు గానీ, నా దృష్టిలో రెండో పేరే ముఖ్యం. ఒక్కడే ఉంటే ఎవరితో మాట్లాడతాడు? ముకుల్ బోస్ వచ్చాకే ఈ దేశంలో ఇద్దరు హ్యామ్‌ల మధ్య మాట మొదలైంది. 1923 నాటికి ఇక్కడ ఇరవై మంది దాకా బ్రిటిష్ హ్యామ్‌లు పనిచేస్తున్నారు. 1930ల మధ్యకు వచ్చినా మొత్తం లైసెన్సులు యాభై లోపే, వాళ్ళలో ఎక్కువమంది సైన్యంలోని బ్రిటిష్ అధికారులు.

2జేకే అన్న రూపం చూడండి, దేశం పేరే లేదు. అప్పట్లో బ్రిటన్‌లోనూ ఇదే తీరు, లండన్ తొలి ప్రసార కేంద్రం పేరు 2ఎల్ఓ. సెట్లు నూరు మైళ్ళు వినిపించే రోజుల్లో ఇది సరిపోయింది. 1921 డిసెంబరులో అమెరికా అమెచ్యూర్ల (హ్యామ్‌లకే ఇంకో పేరు) సిగ్నళ్ళు స్కాట్లాండ్‌లో వినిపించాయి. 1923 నవంబరులో ఫ్రాన్స్, అమెరికా అమెచ్యూర్లు నూరు మీటర్ల ప్రాంతంలో అటూ ఇటూ మాట్లాడుకున్నారు. 1924 అక్టోబరు 18న న్యూజీలాండ్ నుంచి ఫ్రాంక్ బెల్, ఇంగ్లండ్‌లో ఒక బడి స్టేషను నుంచి సెసిల్ గోయ్‌డర్ కలుసుకున్నారు. 200 మీటర్ల కంటే చిన్న తరంగాలు దేనికీ పనికిరావని అమెచ్యూర్లకు వదిలేస్తే, భూగోళం చుట్టూ తిరిగేవి అవేనని వాళ్ళే నిరూపించారు. అంతదూరం వినిపించడం మొదలయ్యాక, ఏ దేశం 2జేకేతో మాట్లాడుతున్నామో తెలియాలి గదా. అక్కడ నుంచి పుట్టింది దేశపు ముందక్షరాల అవసరం.

ఇదే మీ వీయూ ప్రశ్నకు జవాబు కూడా. 1927 వాషింగ్టన్ అంతర్జాతీయ సభలో అక్షరాల గుత్తులు పంచారు. ‘వి’తో మొదలయ్యే గుత్తిలో అధిక భాగం బ్రిటిష్ సామ్రాజ్యానికి పోయింది. కెనడాకు వీఏ నుంచి వీజీ, ఆస్ట్రేలియాకు వీహెచ్ నుంచి వీఎం, న్యూఫౌండ్‌లాండ్‌కు వీఓ, ఇతర వలసలకు వీపీ నుంచి వీఎస్, బ్రిటిష్ ఇండియాకు వీటీ నుంచి వీడబ్ల్యూ. మన వాటా నాలుగు, అందులో వీటీ విమానాలకు, వీయూ హ్యామ్‌లకు. 1929 నుంచి వీయూ కాల్‌సైన్లు అమల్లోకి వచ్చాయి. వైస్రాయ్ యూనియన్, వైస్రాయ్ టెరిటరీ అనేవి తర్వాత ఎవరో కూర్చిన పొడుపుకథలు. వి అంటే వైస్రాయ్ అయితే ఆస్ట్రేలియాకు, న్యూఫౌండ్‌లాండ్‌కు కూడా వైస్రాయ్‌లు ఉండాలి! చార్టులో ఆ గుత్తుల పట్టిక వేయించండి, వాదన అక్కడితో తీరిపోతుంది. అన్నట్టు, హ్యామ్ అంటే హెర్ట్జ్, ఆర్మ్‌స్ట్రాంగ్, మార్కోని పేర్ల తొలి అక్షరాలన్నదీ అలాంటిదే. రేడియోకు ముందే తంతి ఆఫీసుల్లో చేతి పని సరిగా రాని ఆపరేటరును వెక్కిరిస్తూ వాడిన మాట అది.

మన సీమకు సంబంధించిన ముక్క ఒకటి పెట్టాలనుకుంటే మద్రాసు వైపు చూడాలి. అనంతపురం, కడప, కర్నూలు అప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీలోని దత్త మండలాలు. సి.వి. కృష్ణస్వామి చెట్టి పూనికతో 1924 మే 16న మద్రాస్ ప్రెసిడెన్సీ రేడియో క్లబ్ ఏర్పడింది. జులై 31న 40 వాట్ల ట్రాన్స్‌మీటర్‌తో ప్రసారం మొదలుపెట్టి, తర్వాత 200 వాట్లకు పెంచారు. డబ్బు చాలక 1927లో మూతపడింది. ట్రాన్స్‌మీటర్‌ను మద్రాసు కార్పొరేషన్‌కు ఇచ్చేస్తే, 1930 నుంచి వాళ్ళు నడిపారు. 1938 జూన్ 16న ఆలిండియా రేడియో మద్రాసు కేంద్రం వచ్చింది. 1935లో మైసూరులో సైకాలజీ ప్రొఫెసర్ ఎం.వి. గోపాలస్వామి తన ఇంట్లో పెట్టిన స్టేషనుకు ఆకాశవాణి అన్న పేరు పెట్టారు. ఇవన్నీ ప్రసారం దారిలోనివి, హ్యామ్ దారిలోవి కావు. పక్క చార్టు.

హ్యామ్‌లు కలకత్తా, బొంబాయి, మద్రాసు, కంటోన్మెంట్లు దాటి మన వైపు రాకపోవడానికి కారణం ఉత్సాహం లేక కాదు, కరెంటు లేక. ఆ నాటి వాల్వు (ట్రాన్సిస్టర్‌కు ముందు వాడిన గాజు బుడ్డి) సెట్టుకు మూడు రకాల బ్యాటరీలు కావాలి. ఫిలమెంటు వెలగడానికి 2 ఓల్టుల లెడ్ యాసిడ్ అక్యుములేటరు, ప్లేటుకు 90 నుంచి 120 ఓల్టుల డ్రై బ్యాటరీ, గ్రిడ్డుకు కొన్ని ఓల్టుల చిన్నది. డ్రై బ్యాటరీ అయిపోతే పారేయడమే. అక్యుములేటరును మాత్రం మాటిమాటికీ చార్జింగుకు ఎక్కడికో మోసుకుపోవాలి. ఊళ్ళో కరెంటు లేకపోతే అది గుంతకల్లు రైల్లో తిరిగే యాసిడ్ డబ్బా అవుతుంది. వినే సెట్టుకే ఇంత తంటా ఉంటే, పంపే సెట్టు ఆలోచన ఎవరికి వస్తుంది? ఈ మూడు బ్యాటరీల బొమ్మ చార్టులో తప్పకుండా ఉండాలి. ఇప్పటి పిల్లలకు వాల్వు కంటే ఇదే ఎక్కువ ఆశ్చర్యం.

చట్టం రెండు మెట్లుగా బిగిసింది. 1885 టెలిగ్రాఫ్ చట్టం ప్రకారం స్టేషను పెట్టడానికి, నడపడానికి లైసెన్సు కావాల్సి ఉండేది. సెట్టు పట్టుబడినా ‘నేను నడపలేదు, ఊరికే ఇంట్లో ఉంది’ అంటే నిరూపించడం కష్టం. ఆ సందు మూయడానికే 1933 ఇండియన్ వైర్‌లెస్ టెలిగ్రఫీ చట్టం వచ్చింది, 1934 జనవరి 1 నుంచి అమలు. లైసెన్సు లేకుండా దగ్గర ఉంచుకోవడమే నేరమైంది. ఇక్కడ పిల్లలు ఒక పొరపాటు చేస్తారు జాగర్త. తాతల పెట్టెల్లోంచి పోస్టాఫీసు ముద్రలున్న రేడియో లైసెన్సు పుస్తకాలు తెస్తారు. అది వినడానికి కట్టిన రుసుము (1920ల చివర్లో ఏడాదికి 10 రూపాయలు), 1980ల దాకా కట్టారు. హ్యామ్ లైసెన్సు కాదు. ఆ పుస్తకం పెట్టండి, కానీ కింద చీటీలో తేడా రాయండి. పుస్తకంలో కాల్‌సైన్ ఉండదు, అదే గుర్తు.

1939లో యుద్ధం రాగానే కొత్త లైసెన్సులు ఆపేశారు. ఉన్న హ్యామ్‌లందరూ తమ ట్రాన్స్‌మీటర్లు పోలీసులకు అప్పగించాలని రాతపూర్వక ఆదేశాలు వెళ్ళాయి. సైన్యానికి పనికొస్తాయన్నది ఒక కారణం, గూఢచారుల చేతికి పోకూడదన్నది ఇంకొకటి.

ఈ నేపథ్యంలో చూస్తేనే కాంగ్రెస్ రేడియో ఎంత తెగువో అర్థమవుతుంది. క్విట్ ఇండియా మొదలైన మూడు వారాల్లోపే, 1942 ఆగస్టు 27న, బొంబాయిలో ఉషా మెహతా, ఆమె మిత్రులు ప్రసారం మొదలుపెట్టారు. రామ్ మనోహర్ లోహియా వెనక ఉన్నారు. చికాగో రేడియో సంస్థకు చెందిన నానిక్ మోత్వానీ సామాను అందించారు. ఇళ్ళు మారుస్తూ నవంబరు 12 దాకా నడిపారు, ఆ రాత్రి పోలీసులు తలుపులు పగలగొట్టారు. ఉషా మెహతాకు నాలుగేళ్ళ జైలు. మమ్మల్ని 42.34 మీటర్ల మీద వినండి అని వాళ్ళు ప్రకటించేవారు. ఇక్కడ పిల్లల చేత ఒక లెక్క చేయించండి. 300ని 42.34తో భాగిస్తే సుమారు 7.09 మెగాహెర్ట్జ్. అది ఇవాళ హ్యామ్‌లు రోజూ పొద్దున మాట్లాడుకునే 40 మీటర్ల బ్యాండు, 7.0 నుంచి 7.2, లోపలే ఉంది! ఆ బ్యాండును ఎంచుకోవడంలో లాభం ఏమిటంటే, పగలు కొన్ని వందల కిలోమీటర్లు, రాత్రి వేల కిలోమీటర్లు చిన్న పవర్‌తోనే పోతుంది. ఏరియల్ కూడా మిద్దె మీద పట్టే పొడవే. ముప్పు ఏమిటంటే, రోజూ ఒకే తరంగం మీద ఒకే వేళకు మాట్లాడితే సిగ్నల్ ఏ దిక్కు నుంచి వస్తుందో కొలిచే పోలీసులకు పని సులువవుతుంది. అందుకే ఇళ్ళు మార్చడం.

అయినా ఇది హ్యామ్ రేడియో కాదు. హ్యామ్ నియమాల్లో పాటలు, వార్తల ప్రసారానికి చోటు లేదు. హ్యామ్‌ల పనితనం ఇందులో వాడుకున్నారు, అంతే. ‘పక్కింటి కథ’ అని వేరే అట్ట మీద పెట్టండి.

యుద్ధం తర్వాత కథ మీ గుజిరీ సెట్టు దగ్గరికి వస్తుంది. సైన్యం వదిలించుకున్న సామాను తూకం లెక్కన బజార్లలోకి వచ్చింది. నంబర్ 19 సెట్లు, అమెరికా విమానాల బీసీ-348 రిసీవర్లు, ట్రాన్స్‌మీటర్లలో వాడే 807 వాల్వులు, ఫ్రీక్వెన్సీని నిలిపి ఉంచే ఎఫ్‌టీ-243 క్రిస్టళ్ళు (పలచని క్వార్ట్జ్ పలకలు). స్వతంత్ర భారతంలో హ్యామ్ రేడియో నిలబడింది ఈ పాత సామాను మీదే. 1948 మే 15న మధ్యప్రదేశ్‌లో ఉన్న మౌలోని స్కూల్ ఆఫ్ సిగ్నల్స్‌లో అమెచ్యూర్ రేడియో క్లబ్ ఆఫ్ ఇండియా తొలి సమావేశం జరిగింది. తర్వాత అది ఢిల్లీకి మారి, 1954లో అమెచ్యూర్ రేడియో సొసైటీ ఆఫ్ ఇండియా అయింది. అప్పటికీ సంఖ్య చిన్నదే, 1970లో కూడా దేశం మొత్తం మీద వెయ్యి లోపు. హైదరాబాదులో జాతీయ అమెచ్యూర్ రేడియో సంస్థ వచ్చింది 1983లో, అది మీ ‘తొలి రోజులు’ పరిధి దాటిపోయింది, ఒక్క వాక్యం చాలు.

ఆ కాలపు ట్రాన్స్‌మీటర్ ఎలా ఉండేదో బొమ్మ గీయించాలంటే లెక్కలు ఇవి. 7 మెగాహెర్ట్జ్ క్రిస్టల్, 6వీ6 వాల్వుతో ఆసిలేటరు (తరంగాన్ని పుట్టించే భాగం), దాని వెనక 807. 807కు 600 ఓల్టులు, 100 మిల్లీ ఆంపియర్లు ఇస్తే 60 వాట్ల డీసీ ఇన్‌పుట్. ఏఎమ్‌లో (గొంతుకు తగ్గట్టు తరంగం బలాన్ని మార్చే పద్ధతి) పూర్తి మాడ్యులేషన్‌కు అందులో సగం, అంటే 30 వాట్ల ఆడియో కావాలి. దానికి 6ఎల్6 వాల్వులు జత. పెట్టెలో సగానికి పైగా బరువు ఈ ఆడియో, పవర్ ట్రాన్స్‌ఫార్మర్లదే. 1960ల మధ్య నుంచి హ్యామ్‌లు ఎస్ఎస్‌బీకి (తరంగంలో ఒక పక్క భాగాన్నే పంపే పద్ధతి) మారడానికి ఇదొక కారణం. అక్కడ క్యారియర్‌కు (మాటను మోసే మూల తరంగం) పవర్ తగలెయ్యక్కర్లేదు, ఏఎమ్ ఆరు కిలోహెర్ట్జ్ తినే చోట మూడు లోపు సరిపోతుంది. 807 నెత్తి మీద టోపీలాంటి కనెక్షన్ ఉంటుంది, అదే ప్లేటు, 600 ఓల్టులు అక్కడే. ఆ టోపీ తీగలో చిన్న కాయిల్ చుట్టిన 47 నుంచి 100 ఓముల రెసిస్టరు కనిపిస్తే అలంకారం అనుకోవద్దు. అది లేకపోతే 807 ఇష్టం వచ్చిన ఫ్రీక్వెన్సీలో తనంతట తానే ఆసిలేట్ అవుతుంది, మీటరు ముల్లు ఎగిరిపడుతుంది.

క్రిస్టల్ పని మీద ఒక చిన్న అట్ట పెట్టమంటాను. 7 మెగాహెర్ట్జ్ ఏటీ-కట్ పలక మందం దాదాపు 0.24 మిల్లీమీటరు, పోస్టుకార్డు కంటే కొంచెమే మందం. పలక ఎంత పలచనైతే ఫ్రీక్వెన్సీ అంత పైకి. మిలిటరీ క్రిస్టల్ 6.9లో ఉంటే, డబ్బా విప్పి, అద్దం పలక మీద మెత్తని కార్బొరండం పొడి, రెండు చుక్కల నీళ్ళు వేసి, ఒక్క వేలితో ఎనిమిది ఆకారంలో రుద్దేవారు. అయిదారు రుద్దులకోసారి కడిగి, ఆరబెట్టి, రిసీవర్లో విని చూడాలి. వేలు ఒక అంచు మీద ఎక్కువ నొక్కితే పలక వాలుగా అరిగి ఆసిలేషన్ ఆగిపోతుంది. బ్యాండు దాటిపోతే పెన్సిల్ ముక్కుతో పలక మీద గీస్తే బరువెక్కి కొంచెం కిందికి దిగుతుంది, అదీ కొంచెమే.

ఇక పిల్లలు చేయదగ్గవి రెండు.

మొదటిది కొహీరర్ (రేడియో తరంగం తగిలితే కరెంటు పోనిచ్చే తొలినాటి డిటెక్టరు), పావుగంట పని. పారదర్శకంగా ఉన్న పాత పెన్ను గొట్టం రెండంగుళాల ముక్క, రెండు వైపులా బిగుతుగా పట్టే రెండు స్క్రూలు. మధ్యలో 2 మిల్లీమీటర్ల సందు, ఆ సందులో సగం దాకా మాత్రమే తాజాగా అరగదీసిన ఇనుప రజను. దీనికి వరసలో 3 ఓల్టుల సెల్లులు, 470 ఓముల రెసిస్టరు, ఎర్ర ఎల్ఈడీ. రెండు స్క్రూలకూ జానెడేసి తీగలు ఏరియల్‌గా. అడుగు దూరంలో గ్యాస్ స్టవ్ లైటరు టిక్‌మనిపిస్తే ఎల్ఈడీ వెలిగి, వెలుగుతూనే ఉండిపోతుంది. గొట్టాన్ని వేలితో తడితే ఆరుతుంది. వెలగకపోతే రజను తుప్పు పట్టిందో, చేతి నూనె తగిలిందో. తట్టినా ఆరకపోతే స్క్రూలు ఎక్కువ బిగించారు. జగదీశ్ చంద్ర బోస్ కలకత్తా ప్రయోగాల పక్కన ఇది సరిగ్గా సరిపోతుంది. అయితే ఆయన వాడింది కొన్ని మిల్లీమీటర్ల తరంగాలని, ఆ తర్వాత గెలీనా స్ఫటికంతో డిటెక్టరు చేసి 1904లో అమెరికా పేటెంటు పొందారని చీటీలో రాయండి. బైకు ఇగ్నిషన్ కాయిల్‌తో పెద్ద స్పార్కు చేద్దామని ఎవరైనా అంటే ఒప్పుకోవద్దు. చుట్టుపక్కల రేడియోలన్నీ గరగరమంటాయి, పైగా షాకు.

రెండోది 1920ల, 30ల అమెచ్యూర్ల అసలు ఆయుధం, రీజనరేటివ్ రిసీవర్. ఒకే వాల్వు తన అవుట్‌పుట్‌లో కొంత తిరిగి ఇన్‌పుట్‌కు ఇచ్చుకుని వందల రెట్లు పెంచుకుంటుంది. బడిలో 90 ఓల్టులు వద్దు కాబట్టి వాల్వు బదులు బీఎఫ్245ఏ ఎఫ్ఈటీ (ఒక రకం ట్రాన్సిస్టర్) వాడండి, పని తీరు అదే. కోఠి గుజరాతీ గల్లీలోనో బెంగళూరు ఎస్.పి. రోడ్డులోనో అడగండి. నకిలీలు తిరుగుతున్నాయి, నాలుగైదు కొనండి.

కాయిల్‌కు 25 మిల్లీమీటర్ల కరెంటు కాండ్యూట్ పైపు ముక్క. దాని మీద 22 గేజి ఎనామిల్ తీగ 13 చుట్లు పక్కపక్కనే, సుమారు 5 మైక్రోహెన్రీలు. దాని అడుగు కొస నుంచి 3 మిల్లీమీటర్లు వదిలి, అదే దిశలో టిక్లర్ (అవుట్‌పుట్‌ను తిరిగి ఇన్‌పుట్‌కు ఇచ్చే చిన్న కాయిల్) 4 చుట్లు. పై కొస వైపు ఏరియల్‌కు 2 చుట్లు విడిగా. పెద్ద కాయిల్ మీద 68 పీఎఫ్ ఫిక్స్‌డ్, 22 పీఎఫ్ ట్రిమ్మర్, పాత ట్రాన్సిస్టర్ గ్యాంగ్ కండెన్సరు (స్టేషన్లు మార్చడానికి తిప్పేది) మాత్రం 22 పీఎఫ్ గుండా. గ్యాంగును నేరుగా కలిపితే మొత్తం బ్యాండు నాబ్ మీద గోరంత జాగాలో ఇరుక్కుంటుంది. ఈ 22 పెడితే దాదాపు 7.0 నుంచి 7.45 దాకా నాబ్ అంతా పరుచుకుంటుంది. కాయిల్ పై కొస నుంచి 100 పీఎఫ్ గుండా గేటుకు, గేటు నుంచి భూమికి 1 మెగోమ్. సోర్సు నుంచి భూమికి 1 కిలోఓమ్, దానికి సమాంతరంగా 10 మైక్రో, 0.01 మైక్రో. డ్రెయిన్ నుంచి టిక్లర్, టిక్లర్ రెండో కొస నుంచి భూమికి 2.2 నానో, అక్కడి నుంచే 2.2 కిలోఓముల గుండా రీజనరేషన్ పాట్‌కు (తిప్పి మార్చే రెసిస్టరు). పాట్ 10 కిలోఓములు, 9 ఓల్టుల మధ్య, నడిమి కాలుకు 10 మైక్రో. టిక్లర్ అడుగు నుంచే 0.1 మైక్రో గుండా వాల్యూమ్, ఎల్ఎం386 (ఆడియో పెంచే చిప్), స్పీకరు. ఆడియో కండెన్సర్లు ఏవైనా ఫరవాలేదు. కాయిల్ మీదవి మాత్రం వేడికి విలువ మారని ఎన్‌పీఓ రకం కావాలి, లేకపోతే మన ఎండకు ఫ్రీక్వెన్సీ జారుతూనే ఉంటుంది.

పాట్ మెల్లగా పెంచితే ఒక చోట ‘తుస్స్’ మన్న చప్పుడు వస్తుంది, అదే ఆసిలేషన్ అంచు. ఏఎమ్ స్టేషన్లకు అంచుకు ఇవతల, మోర్సుకు, ఎస్ఎస్‌బీకి అంచు దాటి కొంచెం అవతల. చప్పుడు అసలే రాకపోతే టిక్లర్ కొసలు అటుదిటు మార్చండి, పదికి తొమ్మిదిసార్లు ఇదే. చప్పుడు కాక కీచుమంటే టిక్లర్ ఒక చుట్టు తగ్గించండి. ఒక్కో చోట ఆసిలేషన్ చచ్చిపోతుంటే ఏరియల్ ఎక్కువ కలిసింది, ఆ 2 చుట్లను దూరం జరపండి. చెయ్యి దగ్గరికి తెస్తే స్టేషను జరిగిపోతే గ్యాంగు షాఫ్టు భూమికి కలపలేదు. సెల్‌ఫోన్ చార్జరుతోనో ఎలిమినేటరుతోనో నడిపితే హమ్ము, గరగర తప్పవు, 9 ఓల్టుల బ్యాటరీయే పెట్టండి. కడపలో చేసేవాళ్ళకు ఇంకోటి: ఆకాశవాణి మీడియం వేవ్, 900 కిలోహెర్ట్జ్, నేరుగా ఆడియోలోకి దూరి అన్ని చోట్లా అదే వినిపించవచ్చు. అప్పుడు ఏరియల్ కాయిల్ తీసేసి 4.7 పీఎఫ్ గుండా కలపండి, ఏరియల్ నుంచి భూమికి ఒక 10 మైక్రోహెన్రీ చోక్ వేయండి.

ఆసిలేట్ అవుతున్న ఈ సెట్టు ఏరియల్ గుండా కొంచెం ప్రసారం కూడా చేస్తుంది. 1920ల్లో ఇరుగుపొరుగు తగాదాలకు ఇదో కారణం. అందుకే ఏరియల్ కలుపు తక్కువగా ఉంచాలి, పని లేనప్పుడు పాట్ తగ్గించాలి.

ఏరియల్ పది మీటర్ల తీగ చాలు, మిద్దె పిట్టగోడ నుంచి వేపచెట్టుకు. కొమ్మకు కట్టేచోట నైలాన్ తాడు, చెట్టు ఊగితే తెగకుండా కొంచెం వదులు. ఎర్త్ మన నేలలో తలకాయ నొప్పి. అనంతపురం ఎర్రనేల పొడిగా ఉంటుంది, అడుగు తవ్వితే రాయి. కడ్డీ దిగకపోతే కుస్తీ పట్టొద్దు, ఇంకో పది మీటర్ల తీగ నేల మీదే పరిచి ఎర్త్ చోట కలపండి, వినే సెట్టుకు అది సరిపోతుంది. ట్యూబులైట్లు, ఇన్వర్టర్, పక్క చేలో బోరు మోటరు స్టార్టరు ఉన్న గోడకు దూరంగా బల్ల వేయించుకోండి. వినిపించే వేళలు చూసుకుని జడ్జీలను పిలవండి: పొద్దున ఏడు నుంచి తొమ్మిది మధ్య 7.2కు దిగువన మన హ్యామ్‌లు, చీకటి పడ్డాక 7.2కు ఎగువన విదేశీ ప్రసారాలు. మధ్యాహ్నం రెండింటికి పిలిస్తే ఎక్కువగా వినపడేది గరగరే. ఫెయిరు వేసవి వానల ముందు పడితే, ఉరుము వినపడగానే తీగను సెట్టు నుంచి పీకి కిటికీ బయట పడేయించండి.